ఏఎంఆర్ కొనాలా వద్దా? ముందు మీ షెడ్డులో నడక ఎంతుందో లెక్కపెట్టండి

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైంది ముందు రాస్తాను. పటాన్‌చెరు వైపు ఒక టాబ్లెట్ల ప్యాకింగ్ యూనిట్‌లో మీరు స్టోర్స్ చూస్తున్నారు. మీ ఎండీ గారు ఏదో ఎగ్జిబిషన్‌లో తనంతట తానే తిరిగే రోబో ట్రాలీని చూసొచ్చి "మనమూ పెడదాం" అన్నారు. ఏజీవీకీ (వేసిన దారి వెంబడే నడిచే ఆటోమేటెడ్ గైడెడ్ వెహికల్) ఏఎంఆర్‌కీ (దారి తనే వెతుక్కునే అటానమస్ మొబైల్ రోబో) తేడా ఏమిటి, ఇవి నిజంగా ఏయే పరిశ్రమల్లో పనిచేస్తున్నాయి, మీ షెడ్డుకి పనికొస్తాయా, ఉన్న హెల్పర్ల సంగతేంటి అని అడిగారు. మెకాట్రానిక్స్ చదువుతున్న మీ తమ్ముడికి ఈ లైన్‌లో భవిష్యత్తు ఉందా అన్నది ఆఖరి ప్రశ్న. నేను ఈ బండ్లను గోదాముల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ దింపి నడిపించే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. అమ్మేవాణ్ణి కాదు కాబట్టి కొన్నిచోట్ల మాట కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

ఈ రోబో తీసేసేది మనిషి నడకని. అంతకుమించి ఏమీ లేదు. అది డబ్బా ఎత్తదు, బ్యాచ్ నంబర్ సరిచూడదు, చిరిగిన కార్టన్‌ని పక్కన పెట్టదు. ఇక్కణ్ణించి అక్కడికి మోసుకెళ్ళి నిలబడుతుంది. కాబట్టి ఏ పరిశ్రమ గురించి అడిగినా నేను మొదట చూసేది ఒకటే: అక్కడ ఎవరైనా రోజంతా కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నారా? ఆ తిరుగుడు ఒకే చోటు నుంచి ఒకే చోటుకా? ఆ రెండు చివర్లా సరుకు ఎక్కించేది, దించేది ఎవరు? ఈ మూడింటికీ జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. దొరక్కపోతే ఎంత మంచి రోబో తెచ్చినా అది మూలన చార్జింగ్ పెట్టుకుని కూర్చుంటుంది.

ఏజీవీ పాతది. 1950ల్లోనే అమెరికాలో బారెట్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ తీగ వెంబడి నడిచే బండిని తయారుచేసి సరుకు రవాణా గోదాములో పెట్టింది. తర్వాత తీగ నేలలోకి పోయింది, ఆపైన అయస్కాంతపు టేపు, రంగు గీత, రిఫ్లెక్టర్లు వచ్చాయి. పద్ధతి మాత్రం మారలేదు. గానుగెద్దులాగా తన దారి తప్ప మరోటి తెలియదు. దారిలో ఎవరైనా పాలెట్ పెడితే తీసేదాకా అక్కడే నిలబడుతుంది.

ఏఎంఆర్‌కి నేల మీద గీత అక్కర్లేదు. ముందు మనం జాయ్‌స్టిక్‌తో దాన్ని షెడ్డంతా తిప్పుతాం. ముందూ వెనకా ఉన్న లైడార్ లేజర్ కిరణాలు పంపి గోడలు, పిల్లర్లు, ర్యాక్ కాళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో కొలుస్తుంది. ఆ కొలతలన్నీ కలిపి మ్యాప్ తయారవుతుంది. మ్యాప్ గీస్తూనే అందులో తానెక్కడున్నానో తెలుసుకునే ఈ పద్ధతినే స్లామ్ అంటారు. తర్వాత ప్రతి క్షణం అది తనకు కనిపించే దృశ్యాన్ని మ్యాప్‌తో పోల్చుకుంటూ, చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో కలుపుకుంటూ తన చోటు అంచనా వేస్తుంది. దారి వెతకడానికి వాడే లెక్కల్లో ఇప్పటికీ బాగా చెలామణీలో ఉన్న ఏ-స్టార్ 1968 నాటిది. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో షేకీ అనే రోబో కోసం పనిచేసినవాళ్ళు రాశారు. అంటే ఆలోచన కొత్తదేం కాదు. లైడార్, లిథియం బ్యాటరీ, చిన్న కంప్యూటర్ ఇవన్నీ అందుబాటు ధరలోకి రావడమే కొత్త.

బ్రోచర్‌లో కనిపించని సంగతి ఒకటుంది. ఎటైనా స్వేచ్ఛగా తిరుగుతుందని ఏఎంఆర్ కొంటారు, నెల తిరిగేసరికి స్క్రీన్ మీద దానికి గీతలు గీస్తారు. ఇది వన్ వే, ఇక్కడ వెళ్ళకూడదు, ఈ మలుపులో నెమ్మది, ఈ సందులో ఒక్కటే ఉండాలి అని. ఎందుకంటే ఎదురెదురుగా వచ్చిన రెండు రోబోలు ఇరుకు సందులో "మీరు ముందు" అంటే "కాదు మీరే" అన్నట్టు నిలబడిపోతాయి. అయినా తేడా ఉంది. ఏజీవీకి దారి మార్చాలంటే నేల తవ్వాలి, లేదా టేపు పీకి మళ్ళీ అతికించాలి. దీనికి సాయంత్రం టీ తాగేలోపు మార్చేయొచ్చు. మీ లైన్ ఏళ్ళ తరబడి మారదు, బరువు ఎక్కువ, దారి ఒక్కటే అంటే ఏజీవీయే మేలని ఇప్పటికీ చెప్తాను. పాతదని చిన్నచూపు అక్కర్లేదు.

ఇక పరిశ్రమలు. అన్నిటికంటే ముందు గోదాములే, ఎందుకంటే నడక అక్కడే ఎక్కువ. ఆర్డర్ ప్రకారం సరుకు ఏరే మనిషి సమయంలో సగం దాకా నడకకే పోతుందని ఈ రంగంలో పాఠ్యపుస్తకాలే చెప్తాయి. 2003లో అమెరికాలో మొదలైన కివా సిస్టమ్స్ దీన్ని తిరగేసింది. మనిషి ర్యాక్ దగ్గరికి వెళ్ళడమెందుకు, ర్యాకే మనిషి దగ్గరికి వస్తే పోలా? చదునైన చిన్న రోబో ర్యాక్ కిందికి దూరి, పైకెత్తి, మోసుకొస్తుంది. అమెజాన్ 2012లో 77.5 కోట్ల డాలర్లకు కివాని కొనేసింది. 2025 మధ్యలో తమ దగ్గర పది లక్షల రోబోలు నడుస్తున్నాయని ప్రకటించింది. అయితే కివా తరహా రోబో నేల మీద అతికించిన కోడ్‌లు చదువుకుంటూ, మనుషులు అడుగుపెట్టని కంచె లోపల తిరుగుతుంది. మనుషుల మధ్య తిరగగలిగే పూర్తి స్థాయి ఏఎంఆర్ అంటూ ప్రోటియస్‌ని అమెజాన్ ప్రకటించింది 2022లో మాత్రమే. మీ ఎండీ గారు యూట్యూబ్‌లో అమెజాన్ వీడియో చూపిస్తే ఈ తేడా చెప్పండి. ఖాళీ నేల మీద కొత్తగా కట్టుకున్న గోదాముకి, మీ పాత షెడ్డుకి పోలిక కుదరదు.

అమెజాన్ కొనేశాక కివా రోబోలు బయటివాళ్ళకి అమ్మడం ఆగిపోయింది. అప్పటిదాకా వాటి మీద ఆధారపడ్డ మసాచుసెట్స్‌లోని క్వయట్ లాజిస్టిక్స్ అనే గోదాముల కంపెనీ నుంచే లోకస్ రోబోటిక్స్ పుట్టింది. వీళ్ళ పద్ధతిలో ర్యాక్‌లు కదలవు. మనిషి తన వరసల్లోనే ఉంటాడు, రోబో టోట్ (సరుకు వేసే ప్లాస్టిక్ డబ్బా) పట్టుకుని అతని దగ్గరికి వచ్చి "ఇది ఇన్ని వెయ్యండి" అని స్క్రీన్ మీద చూపిస్తుంది, వేశాక తనే ప్యాకింగ్‌కి పోతుంది. పాత గోదాము పగలగొట్టకుండా వాడుకోవచ్చు. మన దేశంలో అయితే 2011లో మొదలైన గ్రేఆరెంజ్, 2016లో నోయిడాలో మొదలైన యాడ్‌వర్బ్ ఈ రంగంలో బాగా ఎదిగాయి. 2022లో రిలయన్స్ 13.2 కోట్ల డాలర్లు పెట్టి యాడ్‌వర్బ్‌లో 54 శాతం వాటా తీసుకుంది. సర్వీస్ ఇంజనీరు మనదేశంలోనే ఉంటాడు, స్పేర్ పార్ట్ కోసం కస్టమ్స్‌లో ఎదురుచూపులు తక్కువ. ధర కంటే దీనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఫ్యాక్టరీల్లో పని వేరు. ఇక్కడ ఏరడం ఉండదు, లైన్‌కి మెటీరియల్ అందించాలి. లైన్ ఆగకూడదు. జర్మనీలో బీఎండబ్ల్యూ వాళ్ళు ఫ్రాన్‌హోఫర్ పరిశోధన సంస్థతో కలిసి విడిభాగాల ట్రాలీల కిందికి దూరి మోసుకెళ్ళే రోబో తమకోసం చేయించుకున్నారు. అది ఎంత పనికొచ్చిందంటే 2020లో ఐడియల్‌వర్క్స్ అని దానికో వేరే కంపెనీయే పెట్టి బయటివాళ్ళకి అమ్మడం మొదలుపెట్టారు. హ్యుందాయ్ 2023లో సింగపూర్‌లో తెరిచిన ప్లాంట్‌లో పొడవాటి కన్వేయర్ లైనే లేదు. చిన్న చిన్న సెల్స్ (విడివిడి పనిచోట్లు) ఉంటాయి, వాటి మధ్య విడిభాగాలను మొబైల్ రోబోలే తిప్పుతాయి. రకరకాల మోడళ్ళు తక్కువ సంఖ్యలో చేసేవాళ్ళకి అది బాగుంటుంది. ఒకే మోడల్ లక్షల్లో చేసేవాళ్ళకి కన్వేయరే చవక. మన దగ్గర శ్రీసిటీలోనో పెనుకొండ చుట్టుపక్కలో విడిభాగాల సప్లయర్లు నన్నడిగితే, ముందు స్టోర్ నుంచి లైన్‌కి ట్రాలీ లాగే పనితో మొదలుపెట్టమంటాను. అసెంబ్లీ జోలికి పోవద్దంటాను.

ఆసుపత్రుల కథ నాకు ఇష్టం. 1961లో జనరల్ మోటార్స్‌లో మొదటి పారిశ్రామిక రోబో చెయ్యి యూనిమేట్‌ని పెట్టించిన జోసెఫ్ ఎంగెల్‌బర్గర్, తర్వాత ఆసుపత్రి కారిడార్లలో తిరిగే బండి మీద పడ్డాడు. 1980ల చివర్లో కనెటికట్‌లోని డాన్‌బరీ ఆసుపత్రిలో అతని హెల్ప్‌మేట్ భోజనం ట్రేలు, శాంపిళ్ళు మోసింది. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తెరిచిన యూసీఎస్ఎఫ్ మిషన్ బే ఆసుపత్రి మొదటిరోజు నుంచే టగ్ అనే రోబోలు 25 పెట్టుకుంది. మందులు, దుప్పట్లు, భోజనాలు అన్నీ అవే మోస్తాయి, లిఫ్ట్ కూడా వాటంతటవే పిలుచుకుంటాయి. ఆ లిఫ్టే అసలు సంగతి. కట్టేటప్పుడే లిఫ్ట్, తలుపులు రోబోతో మాట్లాడేలా పెట్టుకున్నారు. మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో సందర్శన వేళ కారిడార్ చూడండి. స్ట్రెచర్, ఇద్దరు అటెండర్లు, పేషెంటు తాలూకు ఆరుగురు, టిఫిన్ క్యారియర్. రోబో మర్యాదగా ఆగుతుంది, ఆగుతూనే ఉంటుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా సెంట్రల్ ఫార్మసీ నుంచి వార్డులకి మందులు చేరవేయడానికి మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆ వేళ నర్సమ్మల నడక నిజంగా తగ్గుతుంది. 2020లో కోవిడ్ వార్డుల్లోకి మనిషి వెళ్ళడమే ప్రమాదమైనప్పుడు ఎర్ణాకుళం మెడికల్ కాలేజీలో కోచికి చెందిన అసిమోవ్ రోబోటిక్స్ వాళ్ళ కర్మిబాట్ భోజనం, మందులు అందించింది. అక్కడ ఖర్చు లెక్క వేరు, ప్రాణం లెక్క వేరు.

వ్యవసాయంలో గోడలుండవు కాబట్టి లైడార్ మ్యాప్ పెద్దగా పనికిరాదు. ఆర్‌టీకే జీపీఎస్ (దగ్గర్లోని స్టేషన్ సాయంతో తప్పులు సరిదిద్దుకునే జీపీఎస్) కావాలి, అది రెండు సెంటీమీటర్ల దాకా కచ్చితంగా చెప్తుంది. నెదర్లాండ్స్‌లో లేలీ వాళ్ళ జూనో రోబో 2008 నుంచి పశువుల కొట్టంలో అటూ ఇటూ తిరుగుతూ ఆవులు మూతితో దూరంగా నెట్టేసిన మేతని మళ్ళీ దగ్గరికి తోస్తుంది. చూడ్డానికి చిన్న పని. రోజుకి చాలాసార్లు, రాత్రి కూడా, ఒకే దారిలో చెయ్యాల్సిన పని. నా మూడు ప్రశ్నల్లో రెండింటికి సరిగ్గా సరిపోతుంది, మూడోది అసలు లేనే లేదు, ఎక్కించేది దించేది ఏమీ లేదు. అందుకే నిలబడింది. మన పొలాల్లో గట్లు దాటలేక నేల రోబో ఆగిపోతుంది. పైనుంచి ఎగిరే డ్రోన్‌కి గట్టుతో పనిలేదు, మందు కొట్టడానికి ఊళ్ళల్లో అదే ముందు దిగింది. గనుల్లో పెద్ద డంపర్లు కూడా ఈ కుటుంబమే. కొమాట్సు డ్రైవర్ లేని ట్రక్కులు 2008లో చిలీలోని గాబ్రియెలా మిస్ట్రల్ రాగి గనిలో మొదలుపెట్టింది. అది మరో ప్రపంచం, ఇక్కడ వదిలేద్దాం.

ఓడిపోయిన చోట్లు కూడా తెలియాలి. వాల్‌మార్ట్ షెల్ఫుల్లో ఏ సరుకు అయిపోయిందో చూసే రోబోలని బోసా నోవా అనే కంపెనీ నుంచి వందల దుకాణాల్లో పెట్టించి, 2020 నవంబరులో ఒప్పందం రద్దు చేసుకుంది. రోబో సరిగ్గా నడవలేదని కాదు. ఆన్‌లైన్ ఆర్డర్ల కోసం మనుషులు ఎలాగూ ఆ వరసల్లో తిరుగుతున్నారు, వాళ్ళ చేతే చూపించొచ్చని తేలింది. తీసేయడానికి అక్కడ ప్రత్యేకంగా నడకే లేదు. 2017లో వాషింగ్టన్‌లో ఒక సెక్యూరిటీ రోబో మెట్లు దిగి ఫౌంటెన్‌లో పడిన ఫొటో మీరు చూసే ఉంటారు. నవ్వుకున్నాం కానీ, కిందికి దిగిపోయే అంచు లైడార్‌కి ఎందుకు కనిపించదో ఆ ఫొటో చూపిస్తే కొత్త కుర్రాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. అది ఎదురుగా ఉన్నదాన్ని చూస్తుంది. గొయ్యి అంటే ఎదురుగా ఏమీ లేకపోవడం. లారీలు ఆనే డాక్ అంచుల దగ్గర, మెట్ల దగ్గర ఇనుప అడ్డు పెట్టించండి, మ్యాప్‌లో నిషేధం గీసి ఊరుకోవద్దు.

ఇప్పుడు మన షెడ్డుల్లోకి వద్దాం. సేఫ్టీ లైడార్ సాధారణంగా నేలకి జానెడు ఎత్తులో ఒకే పొరలో చూస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు లంచ్‌కి పోతూ ఫోర్కులు పూర్తిగా కిందికి దించకుండా మోకాలెత్తున వదిలేశాడనుకోండి. లైడార్‌కి ఫోర్కుల కింద అంతా ఖాళీగా, వెనక దూరంగా బండి చక్రాలు కనిపిస్తాయి. దారి ఉందనుకుని రోబో నేరుగా వెళ్తుంది, ఫోర్కు మొన దాని మీదున్న కార్టన్‌లో దిగబడుతుంది. పైభాగం చూసే త్రీడీ కెమెరాలున్న మోడళ్ళు దీన్ని చాలావరకు పట్టుకుంటాయి, కానీ సన్నటి ఫోర్కు మొన వాటికీ కష్టమే. దీనికి మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఫోర్కులు నేలకి ఆనించే బండి వదలాలన్న నియమం, దాన్ని పట్టించుకునే షిఫ్ట్ సూపర్‌వైజరు కావాలి.

రెండోది, మన గోదాముల్లో ఎక్కడ చూసినా కనిపించే ప్లాస్టిక్ స్ట్రిప్ కర్టెన్. ఈగలు, దుమ్ము, ఏసీ గాలి పోకుండా వేలాడదీస్తాం. మనం చేత్తో తోసుకుని పోతాం, ఫోర్క్‌లిఫ్ట్ గుద్దుకుంటూ పోతుంది. రోబోకి అది గోడ. దాని ముందు నిలబడి, పక్కకి జరిగి చూసి, మళ్ళీ ఆగి, చివరికి ఎర్ర లైటు వేసుకుంటుంది. కొందరు ఆ చోట సేఫ్టీ పరిధిని తగ్గించి తోసుకుపోయేలా చేద్దాం అంటారు. నేను ఒప్పుకోను. కర్టెన్ అవతల మనిషి ఉంటే? అక్కడ సెన్సర్‌తో పైకి లేచే హైస్పీడ్ డోర్ పెట్టాలి. ఆ తలుపు ఖర్చు, దాని కంట్రోలర్, రోబోలన్నిటినీ నడిపించే ఫ్లీట్ మేనేజర్ సాఫ్ట్‌వేర్‌తో కలిపే పని కొటేషన్‌లో ఉండవు. ఇలాంటి తలుపులు నాలుగుంటే బడ్జెట్ తడిసి మోపెడవుతుంది.

మూడోది వైఫై. ఖాళీ గోదాములో సర్వే చేసి "సిగ్నల్ సూపర్" అని రిపోర్టు ఇస్తారు. తర్వాత ర్యాక్‌ల నిండా సిరప్ బాటిళ్ళు, సెలైన్ పెట్టెలు నింపుతారు. నీళ్ళు సిగ్నల్‌ని పీల్చేస్తాయి. వరస మధ్యలోకి వెళ్ళగానే రోబోకి ఫ్లీట్ మేనేజర్‌తో మాట పోతుంది, లేదా ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు తెగిపోతుంది. అంతే, ఆగిపోతుంది. రోబో పాడైందని టెన్షన్ పడి వెండర్‌కి ఫోన్లు చేస్తారు, తీరా చూస్తే ఐటీ వాళ్ళ పని. సరుకు నిండుగా ఉన్నప్పుడే సర్వే చేయించండి, అదీ రోబో ఎత్తులో.

మీది ఫార్మా కాబట్టి మీకు ఇంకో చిక్కు ఉంది, మామూలు గోదాములకి లేనిది. మీ దగ్గర ఏ మార్పు చేసినా చేంజ్ కంట్రోల్ (మార్పుకి రాతపూర్వక అనుమతి) రాయాలి. రోబో దారి మార్చడం పది నిమిషాల పనని పైన రాశాను. మీ క్యూఏ (నాణ్యత చూసే విభాగం) వాళ్ళ దగ్గర ఆ పది నిమిషాల పనికి పేపర్లు ఎన్ని రోజులు తిరుగుతాయో మీకే తెలుసు. అందుకని మొదట్లోనే క్యూఏని కూర్చోబెట్టి, ఏది రోజువారీ ఆపరేషన్, ఏది మార్పు కింద వస్తుంది అని రాతపూర్వకంగా తేల్చుకోండి. స్టేటస్ మార్చే పని, అంటే క్వారంటైన్ (పరీక్ష కాని సరుకు) నుంచి అప్రూవ్డ్‌కి (పాసైన సరుకు) కదపడం లాంటివి రోబోకి అప్పగిస్తే వాలిడేషన్ బరువు, అంటే సరిగ్గా పనిచేస్తోందని కాగితాల మీద రుజువు చేసే పని, పెరుగుతుంది. అప్రూవ్డ్ ప్యాకింగ్ మెటీరియల్, ఖాళీ పాలెట్లు, పూర్తయిన షిప్పర్ బాక్సులు మోసే పని అయితే తేలిక. క్లీన్ ఏరియాలోకి బయట తిరిగిన చక్రాలు వెళ్ళకూడదు, ఎయిర్‌లాక్ తలుపులు ఇంటర్‌లాక్ అయి ఉంటాయి, ఒకటి మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. కాబట్టి సెకండరీ ప్యాకింగ్ (స్ట్రిప్పుల్ని అట్టపెట్టెల్లో పెట్టే చోటు) దాటి లోపలికి పంపే ఆలోచన ఇప్పుడే వద్దు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల గదిలోంచి మామూలు వేడిలోకి రాగానే లైడార్ అద్దం మీద మంచు బిందువుల్లా చెమట పడుతుంది, కళ్ళు మూసుకుపోయినట్టే. సున్నా కంటే దిగువన లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు కూడా. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్ల వాళ్ళు అడిగినప్పుడు కూడా నేను చెప్పేది ఇదే. తడి నేల, ఐసు ముక్కలు, గడ్డకట్టే చలి మూడూ ఒకచోట ఉంటే మామూలు ఏఎంఆర్ అక్కడికి కాదు.

ఎన్ని కొనాలి అన్న లెక్క వెండర్‌కి వదలకండి, మీరే వెయ్యొచ్చు. ఉదాహరణకి స్టోర్ నుంచి ప్యాకింగ్ లైన్‌కి 120 మీటర్లు అనుకుందాం. బ్రోచర్‌లో సెకనుకి రెండు మీటర్లని ఉంటుంది, మలుపులు, ఆగడాలు కలిపితే 0.8 అనుకోండి. ఒకవైపు 150 సెకన్లు, రానూపోనూ 300. ఎక్కించడానికి రెండు నిమిషాలు, దించడానికి రెండు, అంటే 240. మొత్తం 540 సెకన్లు, తొమ్మిది నిమిషాలు. గంటకి ఆరున్నర ట్రిప్పుల పైచిలుకు, చార్జింగూ ట్రాఫిక్కూ తీసేస్తే ఐదున్నర. ఇక్కడ అందరూ చేసే పొరపాటు రోజు మొత్తం ట్రిప్పుల్ని గంటలతో భాగించడం. మీకు షిఫ్ట్ మొదలైన మొదటి గంటలో 22 ట్రిప్పులు కావాల్సొస్తే ఆ గంట ప్రకారం నాలుగు రోబోలు కావాలి, మిగతా రోజంతా రెండు ఖాళీగా ఉన్నా సరే. లేదా ఆ మొదటి గంట హడావుడిని ముందు షిఫ్ట్ వాళ్ళ చేత తగ్గించుకోవాలి, అది ఉచితం.

ఆ తొమ్మిది నిమిషాల్లో నాలుగు నిమిషాలు రోబో ఊరికే నిలబడిందని గమనించారా? ఒక మనిషి వచ్చి ఎక్కించేదాకా, దించేదాకా. అందుకే ట్రాలీ కిందికి దూరి దాన్నే ఎత్తుకుపోయే మోడల్, లేదా పైన రోలర్ కన్వేయర్ ఉన్న మోడల్ చూడండి. నిండిన ట్రాలీ సిద్ధంగా పెట్టి ఉంటే ఆ నాలుగు నిమిషాలు ఒక్క నిమిషంలోపుకి వస్తాయి, అదే పనికి రోబోల సంఖ్య తగ్గుతుంది. డబ్బు ఎక్కడ పెట్టాలంటే రోబో వేగం మీద కాదు, ఈ రెండు చివర్ల మీద.

సేఫ్టీ గురించి రెండు ముక్కలు. డ్రైవర్ లేని బండ్ల భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 3691-4 ప్రకారం పరీక్షించిన బండేనా అని అడగండి. అందులో మనిషి కాలికి బదులు 70 మిల్లీమీటర్ల మందం, 400 ఎత్తున్న స్తంభాన్ని నిలబెట్టి, పడుకున్న మనిషికి బదులు 200 మిల్లీమీటర్ల మందం, 600 పొడవున్న దుంగని అడ్డం పెట్టి ఆగుతుందో లేదో చూస్తారు. మీ దగ్గర కూడా నిండు లోడుతో, మీ నేల మీద, ఆ రెండింటితో చేయించండి. ఖాళీ బండి ఎవరిదైనా ఆగుతుంది. దారికి రెండు పక్కలా అర మీటరు ఖాళీ ఉండాలన్నది కూడా గుర్తుపెట్టుకోండి, లేకపోతే మనిషి గోడకీ బండికీ మధ్య ఇరుక్కుంటాడు. మన షెడ్డుల్లో ఆ అర మీటర్లోనే ఖాళీ పాలెట్లు నిలబెడతారు. ఇక, రేపు వేరే కంపెనీ రోబో కలపాలనుకుంటే వీడీఏ 5050 ఇంటర్‌ఫేస్ ఉందా అని కాంట్రాక్టులోనే రాయించుకోండి. 2019లో జర్మన్ ఆటో పరిశ్రమ వాళ్ళు తెచ్చిన ఉమ్మడి భాష అది.

హెల్పర్ల సంగతి సూటిగానే చెప్తాను. ఎవరి ఉద్యోగం పోదని చెప్పే వెండర్ని నమ్మకండి. మొదట తగ్గేది నైట్ షిఫ్ట్‌లో ట్రాలీ లాగే కాంట్రాక్టు మనుషులు. మీ రోల్స్ మీద లేరు కాబట్టి ఎవరి లెక్కలోనూ కనిపించరు. మిగిలినవాళ్ళలో చురుకైన ఇద్దర్ని రోబో చూసుకునేవాళ్ళుగా తయారుచేయండి. ఇరుక్కుంటే విడిపించడం, లైడార్ అద్దం తుడవడం, మ్యాప్‌లో చోటు తప్పితే మళ్ళీ చెప్పడం వాళ్ళ పని. ఇంజనీరు కంటే స్టోర్‌లో పాతికేళ్ళు పనిచేసిన మనిషి దీన్ని బాగా చేస్తాడని నా అనుభవం, ఏ మూల ఏ వేళ ఎవరు ఏం పడేస్తారో అతనికి తెలుసు. ఇంకో సంగతి అంతగా ఎవరూ మాట్లాడరు. నడక తీసేశాక మనిషి ఒకేచోట నిలబడి అదే పని మరింత వేగంగా చేస్తాడు. అమెరికాలో అమెజాన్ రోబో గోదాముల్లో తీవ్ర గాయాల రేటు మామూలు గోదాముల కంటే ఎక్కువని 2020లో ఒక పరిశోధనాత్మక వార్తా సంస్థ కంపెనీ సొంత రికార్డులతోనే బయటపెట్టింది. మనం వృథా అనుకున్న ఆ నడకలో చేతులకీ నడుముకీ కాస్త విశ్రాంతి ఉండేది. టార్గెట్లు పెంచేముందు స్టేషన్ ఎత్తు, స్టూలు, మనుషుల్ని మార్చి మార్చి వేయడం చూడండి.

మీ తమ్ముడికి: రాస్ 2 (రోబోలకి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోమనండి, ఉచితం, గెజిబో సిమ్యులేటర్‌లో రోబో కొనకుండానే మ్యాపింగ్, నావిగేషన్ మొత్తం చేసి చూడొచ్చు. హైదరాబాద్ దగ్గర్లోనే ఉంటే ట్రిపుల్ ఐటీ రోబోటిక్స్ రీసెర్చ్ సెంటర్, కందిలో ఐఐటీ వాళ్ళ టీహాన్ టెస్ట్‌బెడ్ (డ్రైవర్ లేని బండ్లని పరీక్షించే చోటు) రెండూ ఈ పని మీదే ఉన్నాయి, ఇంటర్న్‌షిప్‌లకి కన్నేసి ఉంచమనండి. దాంతోపాటు పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాల్ని నడిపే చిన్న కంట్రోలర్) కూడా. ఈ మాటకి కాలేజీ కుర్రాళ్ళు మొహం ముడుచుకుంటారు, పాతకాలపుదని. కానీ తలుపు, లిఫ్ట్, కన్వేయర్ అన్నీ పీఎల్‌సీతోనే మాట్లాడతాయి, సైట్‌లో నాకు రాత్రి పన్నెండింటికి కావాల్సినవాడు ఆ రెండూ తెలిసినవాడే, వాడే దొరకడు.

మీరు ఈ వారం చెయ్యాల్సింది ఒకటే. ఒక నోట్‌బుక్ తీసుకుని ప్రతి ట్రాలీ ఎప్పుడు ఎక్కణ్ణించి ఎక్కడికి కదిలిందో వారం పాటు రాయించండి, ఏఎంఆర్ కోసమని ఎవరికీ చెప్పకండి, చెప్తే లెక్కలు మారిపోతాయి. పీక్ గంటలో ట్రిప్పులు, దూరం, దారిలో తలుపులెన్ని, ర్యాంప్‌లు ఏమైనా ఉన్నాయా, సందు వెడల్పు ఎంత, ఇవి ఇక్కడే రాయండి. డెమోకి వెండర్ని పిలిచే ముందు ఎన్ని బండ్లు పడతాయో చూసి చెప్తాను. డెమో మాత్రం మీ షిఫ్ట్ మారే వేళకే పెట్టించండి, ఆదివారం ఖాళీ షెడ్డులో వద్దు.